ప్రకృతి దృశ్యమా, నేల బొమ్మా?

ఏది ప్రకృతి దృశ్యం, ఏది కాదు అన్న చర్చ పైకి చూస్తే తీరిక ఉన్నవాళ్ళ వ్యాపకంలా కనిపిస్తుంది. అది ఫోటోలు తీసేవాళ్ళు తమలో తాము తేల్చుకోవలసిన సంగతి అనీ, సాహిత్యం, సమాజం అంటూ తిరిగే మనకు దానితో పని లేదనీ అనుకోవటం మామూలే. నేను అలా అనుకోను. ఒక నేలను చూపించి ఇది అందమైనది, ఇది చూడదగినది కాదు అని విడదీసేవాడు ఆ నేల మీద బతికేవాళ్ళను గురించి కూడా ఏదో ఒకటి తేల్చేస్తున్నాడు. తేల్చేస్తున్న సంగతి అతనికి తెలియకపోవచ్చు. తెలియకుండా జరిగే పని గనకనే దాన్ని గురించి మాట్లాడుకోవలసిన అవసరం ఎక్కువ.

ఈ మధ్య కోటలో కొందరు విద్యార్థులు కలిసి ఒక ఛాయాచిత్ర ప్రదర్శన పెట్టుకున్నారు. వచ్చిన బొమ్మల్ని ఏరే పని ముగ్గురికి అప్పగించారు. ఒకరు ముప్పై ఏళ్ళకు పైగా స్టూడియో నడిపిన ఫోటోగ్రాఫరు. ఒకరు చరిత్ర చెప్పే లెక్చరరు, మన ఉద్యమంలోని మిత్రుడు. మూడోవాణ్ణి నేను. వచ్చినవాటిలో ఎక్కువ భాగం ఎవరైనా ఊహించగలిగినవే: తూపిలిపాళెం ఒడ్డున సూర్యోదయం, నేలపట్టు చెరువులో గూడబాతులు, పులికాట్ నీళ్ళలో ఫ్లెమింగోల బారు, సరుగుడు తోపుల్లో పొగమంచు. వాటి దగ్గర తగువు రాలేదు. తగువు ఒకే ఒక్క బొమ్మ దగ్గర వచ్చింది.

అది ఇసుక గుంట బొమ్మ. గూడూరు నుంచి సముద్రం వైపు వస్తే చిల్లకూరు, కోట ప్రాంతాల నేలలో సిలికా ఇసుక ఉంది. తెల్లగా పంచదారలా ఉంటుంది. దాన్ని తవ్వి లారీల కెత్తి పంపుతారు. గాజు తయారీకి, లోహాల పోత పనికి పోతుంది. తవ్విన చోట నీరు ఊరుతుంది. బొమ్మలో ఆ నీరు ఉంది, పచ్చగా, కదలిక లేకుండా. దాని చుట్టూ మెట్లు మెట్లుగా తెల్లటి గట్టు. గట్టు అంచున వేళ్ళు బయటపడి వాలిపోయిన సరుగుడు చెట్టు ఒకటి. ఆ పైన ఆకాశం. మనిషి లేడు, లారీ లేదు, పార కూడా లేదు. తీసింది డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి, సెల్‌ఫోనుతో.

స్టూడియో పెద్దాయన దాన్ని పక్కన పెట్టేశాడు. "మాస్టారూ, ఇది గుంట. పేపరు వాళ్ళకు పంపుకోమనండి, వేస్తారు. ప్రకృతి దృశ్యాల్లో మాత్రం కుదరదు. మనిషి చెయ్యి పడింది గదా" అన్నాడు.

చరిత్ర మిత్రుడు కూడా వద్దన్నాడు. అయితే ఆయన కారణం వేరు. "ఇందులో మనిషేడీ? తవ్వే కూలి కనపడని ఇసుక గుంట మనకెందుకు? డబ్బున్నవాళ్ళ ఇళ్ళలో గోడకు తగిలించుకోటానికి పనికొస్తుంది" అన్నాడు.

మనిషి చెయ్యి పడిందని ఒకరు వద్దన్నారు. మనిషి లేడని ఇంకొకరు వద్దన్నారు. అమ్మాయిని పిలిచి అడిగితే ఆమె చెప్పింది ఒక్కటే మాట: "ఆ గట్టు మా నాయనా వాళ్ళు తవ్విందే సార్."

ఈ మూడు మాటల్లో అమ్మాయి మాటే సరైనదని నా అభిప్రాయం. మిగిలిన రెండూ ఎందుకు సరికావో చెప్పటానికే ఈ వ్యాసం.

స్టూడియో పెద్దాయన మాట ఆయన సొంతం కాదు. దాని వెనక నియమావళి ఉంది. ఫియాప్ అనే అంతర్జాతీయ ఛాయాచిత్ర సమాఖ్య, అమెరికాలోని ఫోటోగ్రాఫిక్ సొసైటీ, బ్రిటన్‌లోని రాయల్ ఫోటోగ్రాఫిక్ సొసైటీ కలిసి పోటీల కోసం ప్రకృతి ఛాయాచిత్రానికి ఒక ఉమ్మడి నిర్వచనం ఒప్పుకున్నాయి. 2015 నుంచి అది అమల్లోకి వచ్చింది. అప్పటి రూపంలో దాని ప్రకారం బొమ్మలో మనిషికి సంబంధించినదేదీ ఉండకూడదన్నారు. మనిషి సాగు చేసిన మొక్కలు ఉండరాదు, పెంపుడు జంతువులు ఉండరాదు. కొన్ని మినహాయింపులు మాత్రం ఉండేవి, వాటిలో ఒకటి: మనుషులు మార్చిన పరిసరాలకు అలవాటుపడిన కొంగలు, గుడ్లగూబల వంటివాటిని తీసేటప్పుడు ఆ పరిసరాలు కూడా కనపడవచ్చు. అంటే ఇంటి కప్పు మీద కొంగ గూడు పెట్టుకుంటే ఆ ఇల్లు బొమ్మలో ఉండవచ్చు. ఆ ఇంట్లో కాపురం చేసేవాడు వాకిట్లో కూర్చుంటే మాత్రం బొమ్మ చెడిపోతుంది. కొంగకు దొరికిన మినహాయింపు కూలివాడికి దొరకలేదు.

అడవి జంతువుల బొమ్మల్ని జంతుప్రదర్శనశాలలో తీసిన బొమ్మల నుంచి వేరు చెయ్యటానికి ఈ నియమం పనికివస్తే రావచ్చు. దానితో నాకు పేచీ లేదు. పేచీ ఎక్కడంటే, ఆ నిర్వచనం 'నేచర్' అనే విభాగానికి చేసింది. 'లాండ్‌స్కేప్' అనేది వేరే మాట. మనం రెండింటికీ కలిపి 'ప్రకృతి దృశ్యం' అనే ఒక్క మాట పెట్టుకున్నాం. పెట్టుకున్న తర్వాత ఒకదాని నియమాన్ని తెచ్చి రెండోదాని నెత్తిన రుద్దటం సులువైపోయింది.

లాండ్‌స్కేప్ అన్న మాటలో ప్రకృతి లేదు, నేల ఉంది. అది డచ్చి భాష నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన మాట. మొదట్లో దాని అర్థం ఒక ప్రాంతం, పొలిమేరలు గల ఒక సీమ. 16, 17 శతాబ్దాల్లో చిత్రకారులు దాన్ని తమ బొమ్మలకు పేరుగా తీసుకున్నారు. ఆ డచ్చి బొమ్మల్లో ఏముంటాయి? గాలిమరలు, కాలువలు, గట్లు, ఆవులు, గడ్డకట్టిన నీటి మీద జారుతూ ఆడుకునే ఊరి జనం. సముద్రాన్ని వెనక్కి నెట్టి కట్టలు పోసుకుని సంపాదించుకున్న నేల వాళ్ళది. అక్కడ మనిషి చెయ్యి పడని జాగా చూపించమంటే చిత్రకారుడు నవ్వి ఉండేవాడు. పుట్టినింట్లో ఈ కళకు లేని మడి మన దగ్గరికి వచ్చేసరికి పుట్టుకొచ్చింది.

ఈ మడి నెల్లూరు సీమలో ఎంత విడ్డూరంగా ఉంటుందో ఆలోచించండి. నెల్ అంటే వరి. ఊరి పేరే దాన్నుంచి వచ్చిందని చెప్పుకుంటారు. మొలగొలుకుల బియ్యానికి పేరు పడిన సీమ ఇది. నియమం ప్రకారం వరి సాగు చేసిన మొక్క గనక వరి చేను పనికిరాదు. చేను లేకుండా, గట్టు లేకుండా, బర్రె లేకుండా ఈ సీమ బొమ్మ తియ్యాలంటే కెమేరాను నేల మీంచి ఎత్తి ఆకాశానికి గురిపెట్టటం ఒక్కటే మార్గం. మన ప్రదర్శనల్లో సూర్యోదయాలు అన్నేసి ఉండటానికి ఇది కూడా ఒక కారణమేమో.

ఇదంతా పాశ్చాత్యుల నుంచి వచ్చిన జాడ్యమని తోసెయ్యటానికి కూడా లేదు. మన ప్రబంధాలకు అష్టాదశ వర్ణనలని ఒక పట్టిక ఉండేది. అందులో సముద్రం ఉంది, పర్వతం ఉంది, చంద్రోదయం ఉంది. ఉప్పుమడి లేదు. అయితే పట్టికను పాటిస్తూనే దాన్ని దాటినవాళ్ళూ ఉన్నారు. 'ఆముక్తమాల్యద'లో మడికాలువల దగ్గర తలలు రెక్కల్లో దూర్చుకుని నిద్రపోయే బాతుల్ని చూసి, స్నానాలు చేసినవాళ్ళు మరిచిపోయిన పిండిన బట్టలనుకునే కావలివాళ్ళు ఉన్నారు. ఆ తెల్లవారుజామున పొలం ఉంది, నీరు ఉంది, పక్షి ఉంది, కాపలా పని చేసేవాడూ ఉన్నాడు. మనకు పొరుగున ఉన్న తమిళుల ప్రాచీన కావ్యశాస్త్రం ఇంకా ముందుకు వెళ్ళింది. నేలను ఐదు తిణైలుగా విభజించి, సముద్రతీరానికి నెయ్‌దల్ అని పేరు పెట్టి, ఆ నేలతోపాటు అక్కడి చెట్టునూ పక్షినీ దేవుణ్ణీ చేపలు పట్టేవాణ్ణీ ఉప్పు పండించేవాణ్ణీ ఒకే లెక్కలో చేర్చింది. నేల అంటే దాని మీది పని కూడా అని ఈ దక్షిణాది తీరంలో రెండు వేల ఏళ్ళనాడే అనుకున్నారన్నమాట.

మరి మనిషి లేని నేలే అసలైన నేల అనే భావం ఇంత బలంగా ఎలా నాటుకుంది? దీనికి ఛాయాచిత్ర చరిత్రలోనే సమాధానం ఉంది.

అమెరికాలో యోసెమిటీ లోయ ఉంది. ప్రపంచంలో ఎవరు లాండ్‌స్కేప్ ఫోటో అన్నా ముందు గుర్తుకు వచ్చే బొమ్మలు అక్కడివే. 1851లో మారిపోసా బెటాలియన్ అనే సాయుధ దళం ఆ లోయలో ప్రవేశించి అక్కడి అవానీచీ తెగవారిని తరిమింది, వాళ్ళ ఊళ్ళు తగలబెట్టింది. పదేళ్ళు గడిచాక, 1861లో, కార్ల్‌టన్ వాట్కిన్స్ పెద్ద గాజుపలకల కెమేరాతో ఆ లోయలోకి వెళ్ళాడు. ఆయన తీసిన కొండలు, జలపాతాలు, నిశ్చలమైన నీళ్ళు చూసి తూర్పు రాష్ట్రాల పెద్దలు ముగ్ధులయారు. 1864లో ఆ లోయను ప్రజల విహారం కోసం కాపాడుతూ చేసిన చట్టం మీద లింకన్ సంతకం పెట్టాడు. ఆ బొమ్మల్లో మనిషి లేకపోవటం నిజమే. ఎందుకు లేడన్నది బొమ్మ చెప్పదు. ఇంకో విశేషం ఏమంటే, ఆ లోయలోని విశాలమైన పచ్చిక బయళ్ళు వాటంతట అవి ఏర్పడినవి కావు. అవానీచీలు తరతరాలుగా పొదల్ని పద్ధతిగా తగలబెడుతూ కాపాడుకున్న బయళ్ళు అవి. మనిషి చెయ్యి పడని ప్రకృతి అని మెచ్చుకున్నది మనుషులు చేసిన నేలనే. ఆ మనుషుల్ని తరిమేశాక మెచ్చుకున్నారు.

మన దేశంలో శామ్యూల్ బోర్న్ 1863 నుంచి 1870 దాకా ఉండి హిమాలయాల బొమ్మలు తీశాడు. ఆనాటి పద్ధతిలో గాజుపలకలు, రసాయనాలు, గుడారం, అన్నీ వెంట ఉండాలి. వాటిని పదులకొద్దీ కూలీలు మంచుదారుల్లో మోశారు. మధ్యదారిలో విడిచిపోయారు కూడా. ఆ తగువులన్నీ ఆయనే లండన్ పత్రికకు రాసిన ఉత్తరాల్లో ఉన్నాయి. బొమ్మల్లో మాత్రం శిఖరాలున్నాయి. కూలీలు అక్కడక్కడ కనపడితే కొండ ఎత్తు తెలియటానికి నిలబెట్టిన కొలకర్రల్లా కనపడతారు.

ఇంతమాత్రాన అందమైన కొండ బొమ్మలన్నీ పాపమని నేను అనటం లేదు. 1930లలో కార్టియే బ్రెస్సన్, లోకం ముక్కలైపోతుంటే ఆడమ్స్, వెస్టన్ వంటివాళ్ళు రాళ్ళ ఫోటోలు తీసుకుంటున్నారని విసుక్కున్నాడని ప్రసిద్ధి. మనవాళ్ళు ఈ మాటను ఇష్టంగా చెప్పుకుంటారు. కాని అదే ఆన్సెల్ ఆడమ్స్ 1943లో, అమెరికా ప్రభుత్వం జపాను సంతతివారిని నిర్బంధించిన మాంజనార్ శిబిరానికి వెళ్ళి అక్కడి మనుషుల బొమ్మలు తీసి, 1944లో యుద్ధం ఇంకా సాగుతుండగానే పుస్తకంగా వేశాడు. కొండల్ని ప్రేమించటం నేరం కాదు. కొండ మీద ఎవరూ లేరని చెప్పటం నేరం.

ఇక కోటకు వద్దాం. ప్రదర్శనలో అభ్యంతరం లేకుండా ఒప్పుకున్న బొమ్మల్లో ప్రకృతి ఎంత? సరుగుడు తోపునే తీసుకోండి. సరుగుడు ఈ తీరంలో దానంతట అది మొలిచిన చెట్టు కాదు. 19వ శతాబ్దంలో మద్రాసు రాష్ట్రపు తీరం పొడుగునా వంటచెరుకు కోసమూ, రైలింజన్ల పొయ్యిల కోసమూ నాటించిన చెట్టు. నాటింది కూలీలు, నీళ్ళు మోసి బతికించింది కూలీలు. ఈనాటికీ అది కౌలు పంట, నరికి టన్నుల లెక్కన అమ్మే పంట. పొగమంచులో అది మహా సహజంగా కనపడుతుంది.

బకింగ్‌హామ్ కాలువ ఇంకో ఉదాహరణ. పెదగంజాం నుంచి మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు తీరం వెంట సాగే ఈ కాలువ బొమ్మ తియ్యని ఫోటోగ్రాఫరు ఈ జిల్లాలో ఉండడు. నీడ, పడవ, అస్తమయం, అన్నీ అందులో అమరుతాయి. 1806లో మద్రాసు దగ్గర మొదలుపెట్టి అంచెలంచెలుగా తవ్వుకుంటూ పోయిన కాలువ ఇది. మద్రాసు నగరంలో అడయారునూ కూవాన్నీ కలిపే భాగాన్ని 1877–78లో కరువు పనిగా తవ్వించారు. తిండిలేక నగరానికి చేరిన జనం కూలికి మట్టి మోస్తే ఏర్పడిన కాలువకు ఆనాటి గవర్నరు పేరు పెట్టారు. వాకాడు దగ్గర స్వర్ణముఖికి బ్యారేజీ ఉంది. నేలపట్టు చెరువులో పక్షుల రెట్ట కలిసిన నీటిని రైతులు ఎరువుగా పొలాలకు పెట్టుకుంటారు. ఆ ఊరివాళ్ళు పక్షుల్ని కొట్టకుండా కాపాడుకోవటంలో పంట లెక్క కూడా ఉంది. మనిషి చెయ్యి పడని బొమ్మలనుకున్నవాటిలో ఇంతమంది చేతులున్నాయి. గుంట చేసిన తప్పల్లా ఆ చేతిని దాచుకోకపోవటం.

కాబట్టి స్టూడియో పెద్దాయన అభ్యంతరం నిలవదు. ఇక మన మిత్రుడి అభ్యంతరం. దీనికి సమాధానం చెప్పటం ఎక్కువ అవసరం, ఎందుకంటే అది మన వాళ్ళ మాట. కథలో కూలి ఉంటే అభ్యుదయ కథ, లేకపోతే కాదు అని లెక్క వేసే విమర్శ మనలో ఇంకా పోలేదు. ఫోటో దగ్గర అదే లెక్క మళ్ళీ తలెత్తింది.

మనిషి బొమ్మలో ఉన్నంతమాత్రాన బొమ్మ మనిషి పక్షాన ఉండదు. 1876–78 నాటి ఘోరమైన కరువులో మద్రాసు సైన్యంలో అధికారిగా ఉన్న విల్లోబీ వాలెస్ హూపర్ కరువు బాధితుల బొమ్మలు తీశాడు. ఎముకల గూళ్ళయిన ఆడవాళ్ళనూ మగవాళ్ళనూ పిల్లలనూ వరసగా, అమరికగా కూర్చోబెట్టి తీశాడు. ఆ బొమ్మల నిండా మనుషులే. అయినా వాటిని చూస్తే కలిగేది ఒక రకం అవమానం. ఆకలితో ఉన్నవాణ్ణి కదలకుండా కూర్చోమన్నవాడి చూపు అందులో ఉంది. 1943లో బెంగాలు కరువు వచ్చినప్పుడు పి.సి. జోషీ వెంట సునీల్ జానా, చిత్రప్రసాద్ బయలుదేరారు. జానా కెమేరాతో, చిత్రప్రసాద్ కలంతో చూపించిన కరువు పార్టీ పత్రిక 'పీపుల్స్ వార్' ద్వారా దేశమంతా చేరింది. అక్కడా మనుషులే, ఇక్కడా మనుషులే. తేడా మనుషులు ఉండటంలో లేదు. కరువు ఆకాశం నుంచి ఊడిపడిందని ఒకటి నమ్మింది, మనుషులు తెచ్చిపెట్టారని రెండోది చూపించింది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. మనిషి కనపడకపోయినా మనిషి సంగతి చెప్పే బొమ్మలు ఉండవచ్చు. అయితే అది అంత సులువు కాదు. క్రుప్ ఫ్యాక్టరీని ఉన్నదున్నట్టు ఫోటో తీసినా ఆ సంస్థను గురించి ఆ ఫోటో దాదాపు ఏమీ చెప్పదని బ్రెష్ట్ అన్నాడు. 1931లో వాల్టర్ బెన్యామిన్ ఫోటోగ్రఫీ మీద రాసిన వ్యాసంలో ఆ మాటను ఎత్తి చూపించాడు. ఫ్యాక్టరీలోని సంబంధాలు, అంటే ఎవరు యజమాని, ఎవరి శ్రమ, ఎవరి లాభం అన్నవి గోడల మీద కనపడవు. ఇది ఇసుక గుంటకూ వర్తిస్తుంది. పచ్చటి నీరు, తెల్లటి గట్టు చూసి ఎవరో స్విట్జర్లాండు సరస్సు అనుకోవచ్చు.

ఈ ప్రమాదం ఊహించి చెపుతున్నది కాదు. 1975లో అమెరికాలోని రోచెస్టర్‌లో, జార్జ్ ఈస్ట్‌మన్ హౌస్‌లో 'న్యూ టోపోగ్రాఫిక్స్' అనే ప్రదర్శన జరిగింది. మనిషి మార్చిన నేల బొమ్మలని దానికి ఉపశీర్షిక. రాబర్ట్ ఆడమ్స్, లూయిస్ బాల్ట్జ్, జర్మన్ దంపతులు బెషర్లు, మొత్తం పదిమంది. కొత్తగా లేచిన ఇళ్ళ వరసలు, గిడ్డంగులు, గనుల పనికట్టడాలు, ఇవే వాళ్ళ వస్తువు. మనుషులు దాదాపు లేరు. లాండ్‌స్కేప్ అంటే యోసెమిటీ కొండలే అన్న భావాన్ని ఆ ప్రదర్శన బద్దలు కొట్టింది. స్టూడియో పెద్దాయన వాదానికి సమాధానం ప్రపంచ ఛాయాచిత్ర చరిత్రలో అప్పుడే వచ్చేసింది. కాని తర్వాత ఆ చల్లటి, నిర్వికారమైన చూపు కూడా ఒక బాణీ అయింది. గని గుంటల బొమ్మలు గోడంత సైజులో వేసి అమ్మే రోజులు వచ్చాయి. మన మిత్రుడి అనుమానానికి ఈ మేరకు ఆధారం ఉంది. దాన్ని నేను కాదనను.

అయితే దీనికి మందు బొమ్మలో ఒక కూలిని తెచ్చి నిలబెట్టటం కాదు. అలా నిలబెడితే బోర్న్ కొలకర్రే అవుతుంది. నేల తన చరిత్రను ఎక్కడ బయటపెడుతుందో అక్కడ చూడటం, చూసినదానికి పేరు పెట్టటం, ఇదీ మందు. ఈ అమ్మాయి ఆ గట్టు మెట్లను చూసింది. మెట్టు అనేది ఇసుక దానంతట అది చేసుకున్న ఆకారం కాదు. ఒక్కొక్క మెట్టు ఒక్కొక్క దశలో జరిగిన పని. గీతల్లాగా కూలిదినాలు ఆ గట్టు మీద రాసి ఉన్నాయి. బొమ్మలో మనిషి లేడనటం సబబు కాదు. అతను పని ముగించి వెళ్ళాడు, పని మాత్రం అక్కడే ఉంది. అదీగాక, అతను తవ్వి పంపిన ఇసుక ఏమైందో ఆలోచిస్తే ఇంకొకటి తోస్తుంది. గాజుకు మూలం సిలికా. కెమేరా కంటిలో ఉన్నది గాజు. వాట్కిన్స్, బోర్న్ మోయించిన పలకలు గాజు. మనిషి చెయ్యి పడని నేలను వెతుక్కుంటూ పోయిన ప్రతి ఫోటోగ్రాఫరూ ఎక్కడో ఎవరో తవ్విన గుంటలోంచే లోకాన్ని చూశాడు.

బొమ్మ పేరు మీద కూడా కొంత చర్చ జరిగింది. "నిశ్శబ్దం" అని పెడితే బాగుంటుందని ఒక విద్యార్థి అన్నాడు. అలా పెట్టి ఉంటే అది మన మిత్రుడు భయపడ్డ బొమ్మే అయిపోయేది. అమ్మాయి తానే కింద రాసింది: "మా నాయనా వాళ్ళు తవ్విన గుంట, కోట." ఆ పేరు చదివిన తర్వాత ఎవరూ స్విట్జర్లాండు అనుకోలేరు. స్టూడియో పెద్దాయన విభాగం సంగతిలో చివరిదాకా ఒప్పుకోలేదు. కాని అచ్చు వేయించేటప్పుడు అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, "తెల్ల ఇసుకను కెమేరా బూడిద రంగు చేసేస్తుందమ్మా, వెలుతురు కాస్త పెంచి తియ్యాల" అని చెప్పి, గట్టు తెల్లదనమూ మెట్ల నీడలూ రెండూ నిలిచేట్టు దగ్గరుండి వేయించాడు. పని తెలిసిన మనిషి పనిని గౌరవించే తీరు అది.

ఇదంతా ఒక ప్రదర్శనలో ఒక బొమ్మ సంగతి అయితే ఇంత రాయనక్కర లేదు. ఈ తీరంలో నేల ఖాళీగా ఉందని ఎవరో అన్న ప్రతిసారీ ఎవరో ఒకరు కదలవలసి వచ్చింది. రెవెన్యూ లెక్కల్లో పన్ను రాని నేలను బంజరు అనీ పోరంబోకు అనీ రాసుకున్నారు. పశువులు మేసినా, వలలు ఆరినా, వేరు తవ్వుకుని తిన్నా, పన్ను లేదు గనక లెక్కకు అది ఉత్త నేలే. 1969లో శ్రీహరికోటను రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నారు. 1971లో అక్కడినుంచి మొదటి రాకెట్ ఎగిరింది. ఆ దీవి అడవుల్లో యానాదులు ఉండేవాళ్ళు. వెన్నెలకంటి రాఘవయ్య 1962లోనే వాళ్ళ మీద గ్రంథం రాశాడు. వాళ్ళలో చాలామందిని బయటికి తరలించారు. రాకెట్ల అవసరాన్ని నేను ప్రశ్నించటం లేదు. పులికాట్ నీళ్ళ మీదుగా లేచిపోయే ఆ నిప్పుతోక బొమ్మ ఈ ప్రాంతంలో అందరికీ ఇష్టమైన దృశ్యం. ఆ దృశ్యంలో యానాది లేకపోవటం ప్రకృతి చేసిన పని కాదని గుర్తుంచుకోవాలి, అంతే.

1990లలో రొయ్యల చెరువులు వచ్చాయి. ఉత్త ఉప్పునేల ఊరికే పడి ఉంది, దాన్ని బంగారం చేస్తున్నాం అన్నారు. 1996 డిసెంబరు 11న సుప్రీం కోర్టు జగన్నాథన్ కేసులో తీర్పు చెప్పింది. నెల్లూరు జిల్లాలో ఒక పల్లె చుట్టూ పెద్ద కంపెనీల చెరువులు వచ్చి 600 మంది మత్స్యకారులకు తాగేనీరు లేకుండా పోయిందన్న నివేదిక ఆ తీర్పులో ఉంది. తీర నియంత్రణ మండలంలోని ఆ చెరువులు తీసెయ్యాలని కోర్టు ఆదేశించింది. ఆ ఆదేశం పూర్తిగా అమలు కాకముందే కొత్త చట్టం ప్రయత్నాలు మొదలై, 2005లో తీర ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చి చెరువులు నిలిచాయి. ఇప్పుడు కృష్ణపట్నం పారిశ్రామిక నగరం వంతు. కోట, చిల్లకూరు మండలాల నేలల్లో వచ్చే ఈ నగరాన్ని 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. పరిశ్రమలు వద్దనేవాణ్ణి కాను. కాని ఇలాంటి పథకాల కోసం కంప్యూటరులో వేసే రంగుల బొమ్మలు చూడండి. అవీ నేల బొమ్మలే. నున్నటి రోడ్లు, వరస చెట్లు, పైనుంచి చూపు. అంతకుముందు అక్కడ ఏముండేదో, ఎవరుండేవాళ్ళో ఆ బొమ్మలో ఉండదు. ప్రకృతి దృశ్యంలో మనిషి ఉండకూడదనే నియమం సూర్యోదయం బొమ్మ దగ్గర మొదలై ఇక్కడిదాకా వస్తుంది. నేల ఖాళీ అని కంటికి అలవాటైతే, ఖాళీ చేయించటం చేతికి అలవాటవుతుంది.

అందువల్ల మన విద్యార్థులూ ఉపాధ్యాయులూ ఈ చర్చను చిన్నదిగా చూడవద్దని నా మనవి. నా మటుకు నేను 'ప్రకృతి దృశ్యం' అన్న మాటను పక్షులకూ మేఘాలకూ వదిలేసి, లాండ్‌స్కేప్‌కు 'నేల బొమ్మ' అనటం మేలనుకుంటున్నాను. మాట మోటుగా ఉందనేవాళ్ళు ఉంటారు. నేల కూడా మోటుదే. నేల బొమ్మను చూసినప్పుడు మూడు సంగతులు అడగాలి. ఈ నేల ఈ ఆకారానికి ఎలా వచ్చింది? ఇది ఎవరి చేతిలో ఉంది? దీని మీద బతికేవాళ్ళు ఎక్కడ ఉన్నారు, లేకపోతే ఎక్కడికి పోయారు? బొమ్మలో మనిషి ఉన్నాడా లేడా అన్నది వీటి తర్వాతి ప్రశ్న. ఈ మూడింటిలో ఒక్కదానికైనా మన చూపును తిప్పగలిగితే అది మంచి నేల బొమ్మ, అందులో ఉన్నది సూర్యోదయమైనా సరే. ఏ ఒక్కదానికీ తిప్పలేకపోతే, అందులో వందమంది కూలీలున్నా అది గోడ మీది క్యాలెండరే.

కోట చుట్టుపక్కల కెమేరా ఉన్న ఫోను లేని ఇల్లు ఇప్పుడు తక్కువ. రేపు ఈ తీరంలో ఏ నేలైనా ఖాళీగా ఉందని ఎవరైనా కాగితం రాస్తే, ఉందో లేదో చెప్పటానికి ఆ ఇళ్ళలో తీసి పెట్టుకున్న బొమ్మలే సాక్ష్యం కావచ్చు. అవి పోటీల్లో ఏ విభాగంలోకి వస్తాయో చూసుకుని తియ్యనక్కర లేదు. ఎక్కడ తీశారో, ఎప్పుడు తీశారో, అక్కడ ఎవరు పని చేశారో కింద రాసి పెట్టుకుంటే చాలు.